అక్టోబరు ధర

కెనడాలోని మెల్‌ఫోర్ట్‌లో ఇరవై రెండేళ్లుగా నేను చేసేది కాంక్రీటు పని. ఆ ఏడాది అక్టోబరులో ముసలాయన ఓరెస్ట్ హ్రిసియుక్ కబురు పెడితే వెళ్లాను. వేసవిలో ఆయన భార్య నదియాకు పక్షవాతం వచ్చింది. వాకర్ పట్టుకుని నడుస్తోంది గానీ, దాని చక్రాలు ఇంటి ముందు కంకరలో కూరుకుపోతున్నాయి. గుమ్మం నుంచి రోడ్డు దాకా కాంక్రీటు పోయించమని ఆమె పట్టుబట్టింది.

టేపు పెట్టి కొలిచాను. "మే నెలలో అయితే తొమ్మిది వేల డాలర్లు. ఇప్పుడే అంటే పదమూడు. చలికి గడ్డకట్టకుండా వేడినీళ్లతో కలిపిన కాంక్రీటు తెప్పించాలి, వారం రోజులు దుప్పట్లు కప్పి ఉంచాలి. అంత చేసినా పైపొర పెచ్చులూడదని పూచీ ఇవ్వలేను."

"నువ్వయితే ఏం చేస్తావు గ్లెన్?"

"ఆగుతానండి."

బల్ల దగ్గర కూర్చుని బఠానీలు ఏరుతున్న నదియా తలెత్తింది. "మే అంటే ఎన్ని గురువారాలో చెప్పండి ఇద్దరూ."

ప్రతి గురువారం ఆడవాళ్లంతా చర్చి హాల్లో చేరి, మన కజ్జికాయల్లా కూరి ఉడికించే పెరోగీలు చేస్తారు.

"నాలుగు వేల తేడానే పిచ్చిదానా. హాలు ఎక్కడికి పోతుంది?" అన్నాడు ఓరెస్ట్.

"హాలు పోదులే" అని ఆమె మళ్లీ బఠానీల మీదికి వంగింది.

మేలో పోసేటట్టు అడ్వాన్సు తీసుకుని వచ్చేశాను.

నవంబరు మొదట్లోనే మంచు పట్టింది. రెండు గురువారాలు ఓరెస్ట్ ఆమెను పొదివి పట్టుకుని కారు దాకా నడిపించాడు. మూడోసారి ఇద్దరూ జారిపడ్డారు. ఎముకలేవీ విరగలేదు గానీ, ఆ తర్వాత ఆమె వెళ్తానని అడగలేదు. స్నేహితురాళ్లు ఒకటి రెండుసార్లు వచ్చి చూసి వెళ్లారు. చలి ముదిరాక అదీ తగ్గింది. మార్చిలో ఒకరోజు నదియా నిద్రలోనే పోయింది.

ఏప్రిల్ చివర ఓరెస్ట్‌కు ఫోన్ చేసి, అడ్వాన్సు వెనక్కి ఇచ్చేస్తానన్నాను.

"వద్దు. వచ్చి కాంక్రీటు పొయ్యి" అన్నాడు.

పని రోజంతా ఆయన మెట్ల మీదే కూర్చున్నాడు. కాలు జారకుండా పైన చీపురుతో గీతలు లాగడం అయ్యాక దగ్గరికెళ్లాను.

"మీకు తప్పు సలహా ఇచ్చానండి."

"లేదు. నిన్ను కాంక్రీటు గురించి అడిగాను, కాంక్రీటు గురించి చెప్పావు. నదియాకేం కావాలో నదియానే అడగాల్సింది. అడక్కుండానే చెప్పింది కూడా."

ఆయన లేచి, మెట్ల ముందంతా తడి కాంక్రీటు ఉండడంతో, ఇంటిగోడ పట్టుకుని గడ్డి మీదుగా పెరటి వైపు నడిచాడు.