పడిన బస్తా

పదిహేడో బస్తాతో లారీకి వేసిన బల్ల ఎక్కుతూ సగంలో ఉండగా, రొమ్ములోపల గుర్రం తన్నినట్టయింది అతనికి. బస్తా ఒక పక్క, మనిషి ఒక పక్క పడ్డారు. పెదవి చిట్లి పళ్లన్నీ ఎర్రబడ్డాయి.

షెడ్డులో బస్తాల మూతులు కుట్టే అతని భార్య చేతిలో దబ్బనంతోనే పరుగెత్తింది. తన్నిందెవరో ఆమెకు తెలుసు. నాలుగు నెలల కిందట ఆసుపత్రిలో అతని చర్మం కింద పెట్టిన పెట్టె. గుండె అదుపు తప్పితే కరెంటుతో తన్ని దారికి తెస్తుందట. అంతవరకూ అతన్ని తన్నే హక్కు మేస్త్రి ఒక్కడికే ఉండేది.

‘ఏ చేత్తో పనిచేస్తావు?’ అని ఆపరేషనుకు ముందు అడిగితే ‘కుడి’ అన్నాడు. తినేదీ, సంతకం చేసేదీ కుడిచెయ్యే మరి. బస్తా మోసేది ఎడమ భుజమని అతనికీ తోచలేదు, అడిగినవాళ్లకీ తోచలేదు. పెట్టె ఎడమవైపు పెట్టారు. కుట్లు మానగానే దాని మీద బస్తాలు పడ్డాయి. పెట్టె నుంచి గుండెకు వెళ్లే తీగె నలిగి చిట్లింది. ఆ తీగె చేసే గోలను గుండె గోలనుకుని పెట్టె ఊరికే తన్నుతోందని నిన్ననే డాక్టరు తేల్చాడు. ‘సోమవారం మారుస్తాం. అందాకా బరువెత్తావంటే చస్తావు’ అన్నాడు. మూడురోజులు రాకపోతే హమాలీ ముఠాలో చోటు ఇంకొకడిదని డాక్టరుకేం తెలుసు?

మేస్త్రి వచ్చి డొక్కలో తన్నాడు. “పొద్దున్నే పట్టించావా? లే! పడిన బస్తా పడినోడే ఎత్తాలి.”

అది ముఠాలో తాతలనాటి కట్టుబాటు. ఎత్తలేనివాడికి మర్నాటి నుంచి పని లేదు. ఆ తాతల్లో నడుం నిలిచినవాడు ఒక్కడూ లేడు. కట్టుబాటు మాత్రం నిటారుగా నిలబడింది.

“తాగలేదు మేస్త్రీ! లోపల తీగె తెగింది” అందామె.

“తెగితే కుట్టు. దబ్బనం ఉందిగా!”

ఒకరిద్దరు నవ్వారు. మేస్త్రి అతని కాలరు పట్టి లేపాడు. అతను బస్తా చెవులు పట్టుకున్నాడో లేదో, పెట్టె మళ్లీ తన్నింది. కేక వేసి విల్లులా వంగి పడ్డాడు. నవ్వినవాళ్లు వెనక్కి జరిగారు.

అయినా పాకుతూ బస్తా వైపే వచ్చాడు. ఆమె వెళ్లి దాని మీద కూర్చుంది.

“జరగవే, చోటు పోద్ది!”

“నువ్వు పోతే ఆ చోట్లో ఎవర్ని పడుకోబెట్టను?”

మొగుడు చెంప మీద కొట్టాడు. ఆమె కదల్లేదు. మేస్త్రి ఆమె జుట్టు పట్టి ఈడ్చాడు. గుప్పెడు వెంట్రుకలు అతని చేతికి వచ్చాయి గానీ, ఆమె చేతిలో దబ్బనం జారలేదు. పొద్దున తను కుట్టిన కుట్టులోకే దాన్ని దింపి ఒక్క లాగు లాగింది. మూతి విచ్చుకుని గింజలన్నీ బురదలోకి జలజలా జారిపోయాయి.

ఖాళీ గోనెను మేస్త్రి కాళ్ల మీదికి విసిరింది.

“ఇదిగో, పడిన బస్తా. ఎవరెత్తుతారో ఎత్తండి.”

మేస్త్రి కాలెత్తాడు. బల్ల మీద, భుజాన బస్తాతో ఆగిపోయిన పొట్టి కూలీ ఒకడు గింజల్ని చూశాడు, ఆమెను చూశాడు. ఆ తర్వాత తన బస్తా కూడా బురదలోకి జారేలా మెల్లగా భుజం వంచాడు.