పన్నెండు బారల లోతు

పెద్దమ్మాయికి నలభై ఏళ్ళు. అయినా ఆ ఇంట్లో ఆమె పెద్దమ్మాయే, ముప్ఫై దాటిన చెల్లెలు చిన్నమ్మాయే. తండ్రి నోట పుట్టిన ఆ పిలుపులే చుట్టుపక్కల అందరికీ అలవాటైపోయాయి. సరస్సు ఒడ్డున వాళ్ళకొక ఎరల దుకాణం ఉంది. బతికున్న వానపాములు అక్కడ దొరకవు. చేతితో చేసిన ఎరలే అమ్ముతారు: కర్రతో చెక్కిన బుల్లి చేపలు, రబ్బరు పురుగులు, నీళ్ళలో తళుక్కుమనే రేకు చెంచాలు. వెనక గదిలో కూర్చుని వాటిని చెక్కేదీ, రంగులేసేదీ పెద్దమ్మాయి. పడవేసుకుని వెళ్ళి వాటికి చేప పడుతుందో లేదో తేల్చేది చిన్నమ్మాయి. ఎందుకంటే పెద్దమ్మాయికి నీళ్ళంటే చచ్చేంత భయం. వెనక గదిలోని ప్లాస్టిక్ తొట్టిలో తప్ప ఇంకే నీళ్ళలోనూ ఆమె వేలు పెట్టదు. చేపల్ని మోసం చెయ్యడంలో అందెవేసిన చెయ్యే కానీ, పడవెక్కమంటే కాళ్ళు వణుకుతాయి. చెల్లెలు ఆమెని వెక్కిరించని రోజు లేదు. ఆమె చెల్లెలి గురించి హడలిపోని రోజూ లేదు.

దుకాణం ముందు ఒక నల్లబల్ల ఉంటుంది. రోజూ పొద్దున్నే దాని మీద మూడు ముక్కలు రాస్తారు: ఎక్కడ, ఎంత లోతులో, ఏ ఎర. తండ్రి చెబుతాడు, పెద్దమ్మాయి రాస్తుంది. ఆ సరస్సు యాభై ఏళ్ళుగా ఆయనకి కొట్టినపిండి. చలి విరిగితే చేప గుడ్లు పెట్టడానికి ఒడ్డు గడ్డిలోకి వస్తుందనీ, అప్పుడు మోకాలి లోతులో రబ్బరు పురుగు చాలనీ ఆయన చెబుతాడు. ఎండలు ముదిరితే చల్లదనం కోసం అడుక్కి దిగిపోతుంది, అప్పుడు బరువైన చెంచా కావాలి. వానలు వెలిసి బురదనీరు దిగుతున్న రోజుల్లో మాత్రం ఏరు వచ్చి కలిసే చోట పైపైనే కాచుకుని ఉంటుంది. తిండి ఆ నీళ్ళే మోసుకొస్తుంటే ఇంకెక్కడికి పోతుంది? ఆ మురికిలో దానికి కళ్ళు కనపడవు కాబట్టి ఎర్ర పొట్టా పసుపు వీపూ ఉన్న కర్రచేపలాంటి గాఢమైన రంగు ఉండాలి. బల్ల మీద రాసింది తప్పయిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

వానలు వెలిసి అది మూడో రోజు. పొద్దున్నించీ పెద్దమ్మాయి రంగుల పనిలో మునిగిపోయి, పదకొండు దాటాక గానీ ముందు గదిలోకి రాలేదు. ఆమె కోసం చూసి చూసి ఆ రోజు బల్ల మీద తండ్రే రాసుకున్నాడు. అక్షరాలు వంకర టింకరగా ఉన్నాయి. గొంతు దగ్గర. పన్నెండు బారలు. ఎర్ర పొట్ట చేప.

గొంతు అంటే ఏరు సరస్సులోకి దిగే ఇరుకు సందు. రెండు పక్కలా గోడలా నిలబడ్డ బండ. పైన రెండు మలుపులు తిరిగితే ఆనకట్ట. చిన్నమ్మాయి కాస్త పొద్దెక్కాక బల్ల చూసుకుని, కొత్తగా రంగేసిన చేప ఒకటి పట్టుకుని, తెడ్ల పడవేసుకుని అక్కడికే పోయింది. సెలవు రోజు కాదు కాబట్టి బల్ల చదివింది ఆమె ఒక్కతే.

పెద్దమ్మాయి బల్ల చదివి ముందు నవ్వుకుంది, నాన్నకి చాదస్తం ముదిరిందని. బార అంటే రెండు చేతులూ చాచినంత పొడవు. ఈ రోజుల్లో చేప మూడు బారల్లోనే దొరుకుతుంటే పన్నెండు బారల తాడు వదిలేది ఎవరు? అసలు గొంతులో ఎంత వరదొచ్చినా ఏడు బారలకి మించి లోతే లేదు. ఆ సంగతి తనకే తెలిస్తే నాన్నకి తెలియకపోవడమేమిటి అనుకునేసరికి నవ్వు ఆగిపోయింది.

తండ్రి కిటికీ దగ్గర కూర్చుని గాలం చక్రానికి నూనె పెడుతున్నాడు.

"నాన్నా, పన్నెండు అని ఎవరు చెప్పారు?"

"గేట్లాయన. పొద్దున్నే ఫోన్ చేశాడు."

"ఏమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పు."

"ఏముంది? పన్నెండుకి వదులుతున్నా, గొంతు దగ్గరికెళ్ళే మీవాళ్ళకి చెప్పు అన్నాడు. నాకూ ఎక్కువే అనిపించింది. కొత్త నీరు కదా, లోతు పెరిగిందేమోలే అని రాసేశా."

గేట్లాయన ఆనకట్ట మీద గేట్లు ఎత్తే దించే ఉద్యోగి. నోట్లోంచి మాట రాలితే ముత్యాలు పోతాయన్నంత పిసినారి. పైగా ఆయనకీ గాలం పిచ్చి ఉంది. రోజు మార్చి రోజు ఫోన్ చేసి, ఆరుకి వదిలా రెండు పడ్డాయి, ఎనిమిదికి వదిలా ఏమీ లేదు అని చెప్పి పెట్టేస్తాడు. అంటే ఆరు బారలు, ఎనిమిది బారలు. ఏళ్ళ తరబడి వాళ్ళిద్దరి మధ్యా వదలడమంటే గాలం తాడు వదలడమే. ఇంకో అర్థం తండ్రికి తట్టనే లేదు. నీళ్ళు వదిలే ముందు మోగే సైరన్ మొన్న వానల్లో పిడుగు పడి మూగబోయిందనీ, అది బాగయ్యేదాకా గేట్లాయనే అందరికీ ఫోన్ చేసి చెప్పాలనీ ఆ ముసలాయనకి తెలియకపోలేదు. తెలిసిన రెండు ముక్కలూ సమయానికి ఒకచోట చేరలేదు, అంతే.

"అది లోతు కాదు నాన్నా, టైము. పన్నెండింటికి గేట్లెత్తుతున్నాడు."

తండ్రి చేతిలో చక్రం ఆగిపోయింది. "చిన్నది అక్కడే ఉంది" అన్నాడు.

గోడ గడియారం పదకొండూ పది చూపిస్తోంది. పెద్దమ్మాయి ఫోన్ అందుకుంది. గేట్లాయనకి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఫోన్ ఉండే ఆయన గది ఆనకట్టకి ఈ చివరుంటే గేట్ల యంత్రాలు ఆ చివరున్నాయి. చెల్లెలికి చేసింది. ఆ బండల మధ్య ఫోన్ పలకదని తెలిసీ చేసింది. రేవులో మనిషన్నవాడు లేడు. తండ్రి మోకాళ్ళు పట్టేసి రెండేళ్ళయింది, పడవలోకి దిగే ఓపిక లేదు. ఇక మిగిలింది ఎవరు? ఫోన్ ఆయన చేతిలో పెట్టి, ఎత్తేదాకా చేస్తూనే ఉండమని చెప్పి రేవుకి పరిగెత్తింది.

అక్కడ పాత మోటారు పడవ కట్టేసి ఉంది. బాగు చేయించినప్పుడల్లా కట్టు విప్పకుండా, మెట్టు మీంచే చెయ్యి చాచి మోటారు ఆడించి చూసిన అనుభవం ఆమెకి ఉంది. కట్టు విప్పి నడిపిన అనుభవం లేదు. లైఫ్ జాకెట్ పట్టీలు ఊపిరాడనంత బిగించుకుంది. పడవలో కాలు పెట్టగానే అది ఒక పక్కకి ఒరిగింది. వెనక్కి దిగిపోదామని నిజంగానే అనిపించింది. ఇంకెవరైనా వస్తారేమో, గేట్లాయన ఫోన్ ఎత్తుతాడేమో, చిన్నది ఇప్పటికే బయల్దేరిందేమో అని మనసు నూరు సాకులు వెతికింది. ఆ సాకులు వింటూనే, ఏడుస్తూనే తాడు విప్పింది.

ఒడ్డు దూరమయ్యే కొద్దీ భయం తగ్గుతుందంటారు. అన్నవాళ్ళెవరో గానీ వట్టి అబద్ధాలకోరులు. పడవ కింద ఎంత లోతుందో బారలతో సహా ఆమెకి తెలుసు. నాన్న నోటితో చెప్పి తన చేత్తో రాయించినవే అవన్నీ. ఇక్కడ తొమ్మిది, ఇక్కడ పదమూడు, ఇక్కడ పందొమ్మిది. తెలియనివాళ్ళే అదృష్టవంతులు. మోటారు పిడి ఎడమకి నెడితే పడవ కుడికి పోతుందన్న సంగతి ప్రతి మలుపులోనూ మర్చిపోయి, ప్రతి మలుపులోనూ ఇక అయిపోయిందనుకుంది. వీటన్నిటినీ మించిన భయం ఇంకొకటుంది. తను వెళ్ళేసరికి గొంతు దగ్గర ఖాళీ నీళ్ళే ఉంటే?

చెల్లెలి పడవ కనిపించింది. బండకి దిగేసిన ఇనప కొక్కేనికి పడవని కట్టేసి, లైఫ్ జాకెట్‌ని మెత్తలా కింద పరుచుకుని దర్జాగా కూర్చుంది చిన్నమ్మాయి. అక్కని నీళ్ళ మీద చూసి ముందు నోరు తెరిచింది, తర్వాత పడీ పడీ నవ్వింది. ఆ సందులో ఏటి హోరుకి పక్క మనిషి మాట కూడా సరిగా వినపడదు. పెద్దమ్మాయి మోటారు తగ్గించి, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది.

"పన్నెండుకి వదులుతారంట!"

చిన్నమ్మాయి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. అర్థమైందన్నట్టు బొటనవేలు చూపించింది. చూపించి, చక్రం తిప్పి గాలం తాడు ఇంకాస్త వదిలింది.

పెద్దమ్మాయికి విషయం అర్థమైంది. పొద్దున నాన్న చెవిలో పడ్డ మాటే తన నోట్లోంచీ వచ్చింది, చెల్లెలూ దాన్ని అలాగే విన్నది. ఆ ఇంట్లో ముగ్గురికీ ఆ మాటకి అదొక్కటే అర్థం. ఇంకో మాట కావాలి. బుర్రంతా తడుముకుంటే దొరికింది ఒక్కటే.

"గేట్లు!" అంది పైకి చెయ్యి చూపిస్తూ. "గేట్లే!"

చిన్నమ్మాయి మొహంలో నవ్వు చచ్చిపోయింది. చేతి గడియారం చూసుకుని, గాలం కర్ర పడేసి కొక్కెం దగ్గర ముడి అందుకుంది. తడికి బిగుసుకున్న ముడి ఊడి రాలేదు. ఏటి హోరు అప్పటిదాకా ఒకలా ఉంది, ఇప్పుడు బరువెక్కింది. నీళ్ళ మీద విరిగిన కొమ్మలూ నురగా గబగబా కొట్టుకొస్తున్నాయి. చిన్నమ్మాయి పళ్ళతో ముడి లాగుతోంది.

"అది నాన్న పడవ అక్కా!"

"పడవ పోతే పోనీ. నువ్వు రా."

పెద్దమ్మాయి తన పడవని దాని పక్కకి ఢీకొట్టించింది. చిన్నమ్మాయి దూకింది. మోటారు పెంచి సందులోంచి బయటికి తిప్పుతుండగా నీళ్ళు వచ్చాయి. ఎత్తుగా గోడలా ఏమీ రాలేదు. మట్టిరంగు నీళ్ళు బండ అంచులు నాక్కుంటూ ఒక్కసారిగా లేచి, పడవని అడ్డంగా తిప్పేశాయి. మోటారు ఆగిపోయింది. వెనక కట్టేసి ఉన్న తెడ్ల పడవ ముక్కు కిందికి దిగి, ఇక లేవలేదు. పెద్దమ్మాయి రెండు చేతులతో అంచు పట్టుకుని కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి పడవలో చెల్లెలు లేదు.

నీళ్ళలో జడ ఒకటి తేలుతోంది. ఆమె ఆలోచించలేదు, ఆలోచించి ఉంటే భయపడేది. నడుం దాకా బయటికి వంగి జడ దొరకబుచ్చుకుని చేతికి చుట్టుకుంది. వరద ఇద్దర్నీ పడవతో సహా వెడల్పాటి సరస్సులోకి విసిరేసేదాకా ఆ జడ వదల్లేదు. తర్వాత మెడ, తర్వాత చంకలు పట్టుకుని, ఎలాగో లోపలికి లాక్కుంది. చిన్నమ్మాయి నీళ్ళు కక్కుకుంది. పడవ అడుగున ముడుచుకుపోయి పళ్ళు టకటకలాడిస్తూ, అక్కా అక్కా అని చిన్నపిల్లలా ఏడ్చింది. ఒక్క రోజు కూడా భయపడని మనిషి. మోటారు నాలుగోసారి లాగితే అందుకుంది.

రేవు కనిపించేసరికి ఎండ నడినెత్తిన ఉంది. రేవు మెట్ల పక్కన నీళ్ళలో ఎవరో నిలబడి ఉన్నారు. దగ్గరికొస్తే తండ్రి. మెట్టు దిగడానికే పది నిమిషాలు తీసుకునే మనిషి నడుం లోతు నీళ్ళలోకి ఎలా వచ్చాడో తెలియదు. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు. ఆమె చెయ్యి ఊపింది. ఆయన ఊపలేదు.

ఎందుకు ఊపలేదో అప్పుడు తట్టింది ఆమెకి. రెండు పడవలు వెళ్ళాయి, ఒకటే వస్తోంది. అందులో తల ఒక్కటే కనపడుతోంది. చిన్నది అడుగున పడుకుని ఉంది. అంత దూరం నుంచి ఆ ముసలి కళ్ళకి, తిరిగొచ్చింది ఏ కూతురో కూడా తెలియదు. తెలుసుకోవాలని ఉందో లేదో కూడా తెలియదు.

అరిచి చెబుదామని నోరు తెరిచింది, మూసేసింది. మాట మీద ఆమెకి నమ్మకం పోయింది.

"లే. ఒక్కసారి లేచి నిలబడు. నాన్నకి కనపడాలి."

"నావల్ల కాదక్కా."

మోటారు ఆపేసింది. ఊగుతున్న పడవలో, జీవితంలో మొదటిసారి, రెండు కాళ్ళ మీదా లేచి నిలబడింది. చెల్లెల్ని చంకల కింద పట్టుకుని, బియ్యం బస్తాని ఎత్తినట్టు ఎత్తి, తన గుండెకి ఆనించుకుని నిలబెట్టింది. పడవ ఇటు ఒరిగింది, అటు ఒరిగింది. పడిపోతామని చిన్నమ్మాయి గోల పెడుతున్నా వదల్లేదు.

ఒడ్డున తండ్రి చెయ్యి కిందికి దించాడు. వేలు చాపి గాలిలో ఒకటి, రెండు అని లెక్కపెట్టుకున్నాడు. మళ్ళీ మొదటినించీ లెక్కపెట్టుకున్నాడు. తర్వాత ఆ నీళ్ళలోనే, గడ్డం దాకా మునిగేలా, చతికిలబడి కూర్చున్నాడు.