నడుముకు కుడివైపు

వెర్లన్ హాస్క్యూ పడకగది నేలమీద వెల్లకిలా పడుకుని ప్యాంటు తొడుక్కుంటున్నాడు. ఈమధ్య అతనికి అదొక్కటే పద్ధతి. నిలబడి కాలెత్తితే కుడి తుంటిలో పుట్టిన నొప్పి తొడ వెనకనుంచి మడమదాకా కాల్చిన తీగలా దిగుతుంది. మోకాళ్ళు మడిచి, నడుము కొంచెం పైకి లేపి, బట్టను కిందనుంచి లాక్కోవాలి. ఆ తర్వాత మంచం పట్టె పట్టుకుని పక్కకు దొర్లి లేవాలి. అంతా అయ్యేసరికి నుదుట చెమట పట్టింది.

వంటింట్లోంచి నేడీన్ వచ్చి అతని ముందు చతికిలబడి బూటు తాళ్ళు కట్టింది.

"పెళ్ళిలో ఫాదరు అడిగినప్పుడు ఇది చెప్పలేదే," అంది.

"ఏది?"

"బూట్లు కట్టాలని. చెబితే ఆలోచించుకునేదాన్ని."

"ఆలస్యమైపోయింది. ఇంకో కాలు కూడా కట్టు."

అతను బీరువా కింది సొరుగు లాగాడు. దాన్నిండా తోలు ఒరలు. ఓక్లహోమా రాష్ట్రంలో, ఆ చుట్టుపక్కల పిస్తోలు పెట్టుకు తిరిగే ఏ ఇంట్లో చూసినా అలాంటి సొరుగు ఒకటుంటుంది. కొని, నాలుగు రోజులు కట్టి, ఒరుసుకుంటోందని తీసి అందులో పడేస్తారు. పారేయడానికి మనసొప్పదు, ఇంకొకరికిచ్చినా వాళ్ళ ఒంటికి కుదరదు. వెర్లన్ సొరుగైతే ఏడాదిగా మూతపడటం లేదు. వెనక నడుముకు కట్టేది వెన్నుపూస మీద రాయిలా కూర్చుంది. చంకకింద వేలాడేది రొట్టెల ట్రేలు ఎత్తినప్పుడల్లా మెడను లాగింది. చీలమండకు కట్టేదాన్ని అందుకోవాలంటే వంగాలి, అదెలాగూ కుదరదు. ముందువైపు పెట్టుకుంటే కూర్చున్నప్పుడు పొట్ట ఒప్పుకోలేదు. రొట్టెల కంపెనీ డిపోలో తోటి డ్రైవర్లందరూ ఈ విషయంలో వైద్యులే. వెడల్పు బెల్టు కట్టమని ఒకడు, భుజాల పట్టీలు వేసుకుంటే బరువు నడుముమీద పడదని ఇంకొకడు, ఇంకా చిన్న పిస్తోలు కొనమని మరొకడు. అసలు వైద్యురాలు మాత్రం ఒక్కమాటే చెప్పింది. "కుడి తుంటిమీద బరువు తీసెయ్యండి. మీరు కూర్చున్నప్పుడల్లా అది నరాన్ని నొక్కుతోంది."

ఆ బరువు తీసెయ్యడమే అతనివల్ల కాలేదు. కుర్రతనంలో ఒకసారి, కొట్టు వెనక సందులో, రెండు చేతులా రొట్టెల ట్రేలున్నప్పుడు ఇద్దరు వచ్చి మెడకు కత్తి పెట్టారు. జేబులోని డబ్బు, వేలికున్న పెళ్ళి ఉంగరం తీసుకుని వెళ్ళిపోయారు. గీత కూడా పడలేదు. కానీ ఆ చల్లటి ఇనుము తాకిన చోటు అతనికి ఇప్పటికీ తెలుస్తుంది. ఆ నెలలోనే లైసెన్సు తీసుకుని పిస్తోలు కొన్నాడు. ఆ తర్వాత అది లేకుండా గడప దాటలేదు. దాన్ని ఎవరిమీదా ఎత్తిందీ లేదు. చొక్కా బయటికి వదులుకునే మనిషనే తప్ప ఊళ్ళో చాలామందికి దాని సంగతే తెలియదు.

ఇవాళ భుజాల పట్టీలు వేసుకుని, పాత ఒరనే కుడివైపు కొంచెం ముందుకు జరిపి కట్టుకున్నాడు. నేడీన్ చూసింది. కొత్త మాత్రల సీసా టిఫిన్ డబ్బాలో పెట్టింది.

"పదింటికి ఒకటి వేసుకో. అప్పుడైనా నీ మొహం మనిషి మొహంలా ఉంటుందేమో."

రొట్టెల బండిలో కూర్చుంటే పిస్తోలు పిడి తుంటిలోకి గుచ్చుకుంది. ఎడమవైపుకు ఒరిగి నడిపాడు. ఊరి దుకాణం, ఆసుపత్రి వంటశాల, పశువుల సంత దగ్గరి కిరాణా. ఒక్కోచోట ట్రేలు దించి, పాత రొట్టెలు వెనక్కి తీసి, కొత్తవి ముందుకు సర్ది, మళ్ళీ బండెక్కాలి. దిగడం ఎలాగోలా అవుతుంది, ఎక్కడమే ప్రాణం మీదికొస్తోంది. పింఛను రావాలంటే ఇంకా రెండు చలికాలాలు ఇలాగే ఎక్కి దిగాలి.

పదింటికి ట్వైలా బెన్స్‌కిన్ హోటలుకు చేరాడు. కౌంటరు దగ్గర మాత్ర మింగి కాఫీ తాగాడు.

"ఏం వెర్లన్, దూడను ఈనే ఆవులా నడుస్తున్నావు?" అంది ట్వైలా.

"మగదూడే పుడితే నీ పేరు పెడతాలే."

లోపల కూర్చున్న ముసలివాళ్ళు నవ్వారు. ఆడామగా అందరికీ ఆ హోటల్లో ఉన్న ఒక్క మరుగుదొడ్డికి వెర్లన్ వెళ్ళాడు. అక్కడ అతనికి ఒక నియమం ఉంది, పిస్తోలు కట్టే ప్రతివాడికీ ఉన్నదే. బెల్టు విప్పినప్పుడు దాన్ని తీసి ఎక్కడా పెట్టకూడదు. పాదాల దగ్గర జారిన ప్యాంటులోనే ఉంచుకోవాలి. అప్పుడు దాన్ని ఎత్తకుండా లేచి వెళ్ళడమన్నది జరగదు. ఇన్నేళ్ళూ అలాగే చేశాడు. కానీ కిందినుంచి అంత బరువును ప్యాంటుతోపాటు వంగి పైకి లాగడమంటే ఇవాళ అతనికి కొండ ఎత్తడమే. పొద్దున మంచం దగ్గర పట్టిన చెమట గుర్తొచ్చింది. ఈ ఒక్కసారికే కదా అనుకుని, ఒరతో సహా తీసి, పక్కనున్న టాయిలెట్ కాగితపు చుట్టల పెట్టెమీద పెట్టాడు.

బయటికొచ్చి బండెక్కాడు. కూర్చున్నాక ఆశ్చర్యపోయాడు. ఎక్కడా గుచ్చుకోవడం లేదు. కాలు చాపితే చాపినంత దూరం వెళ్ళింది. మాత్ర ఇంత తొందరగా పనిచేస్తుందని వైద్యురాలు చెప్పలేదే! రెండు చలికాలాలేమిటి, నాలుగైనా లాగేయచ్చు. నేడీన్‌కు ఫోన్ చేసి చెబుదామా అనుకున్నాడు. ఆవిడ పని చేసే బడి వంటశాలలో ఇప్పుడు పిల్లల భోజనాలు వండే వేళ. సాయంత్రం చెబుతాలే, బూటు తాళ్ళు తనే విప్పుకుని చూపిస్తూ చెబుతా, అనుకుని చర్చి పాట ఒకటి ఈల వేశాడు. ఈల వేసి ఎన్నాళ్ళయిందో.

తర్వాతి దుకాణంలో ట్రేలు దించి, రైలు గేటు దగ్గర ఆగాడు. గూడ్సు బండి వెళ్తోంది. ఆగిన చోటల్లా చేతిని ఒకసారి చొక్కామీదుగా కుడి నడుముకు తాకించుకోవడం అతని అలవాటు.

చేతికి చొక్కా తగిలింది. దాని కింద ఒళ్ళు తగిలింది.

సీటుకింద వెతకలేదు. వెతకాల్సిన పనిలేదు. ఎక్కడుందో అతనికి కళ్ళకు కట్టినట్టు కనిపించింది. తెల్లటి పెట్టె, దానిమీద నల్లటి పిడి, చిన్నపిల్లల చెయ్యి అందేంత ఎత్తు. బుధవారాలు చర్చి ఆడవాళ్ళు మనవళ్ళనూ మనవరాళ్ళనూ వెంటేసుకుని ట్వైలా హోటలుకు వస్తారు. ఇవాళ బుధవారం.

గూడ్సు బండి పోతూనే ఉంది. ముందు గేటు, వెనక ధాన్యం లారీ. ఫోన్ తీసి ట్వైలాకు కొట్టాడు. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ కొట్టాడు. లారీవాడు వెనక్కి జరిగేదాకా కిటికీలోంచి తల బయటపెట్టి అరిచి, బండి తిప్పుకుని వెనక్కి పరిగెత్తించాడు. దారిపొడుగునా, దేవుడా, మెడమీద కత్తి పెట్టు, ఇది మాత్రం వద్దు, అనుకుంటూనే ఉన్నాడు.

హోటలు ముందు పోలీసు బండి లేదు. జనం గుమిగూడలేదు. లోపల ట్వైలా వంటింటి తలుపుకు వీపు ఆనించి, చేతులు కట్టుకుని నిలబడింది. వెర్లన్‌ను చూసి కదల్లేదు.

"ఎవరు చూశారు?" అన్నాడు.

"గెర్ట్రూడ్ మనవరాలు. నాలుగేళ్ళ పిల్ల. 'నానమ్మా, ఎవరో నల్లది మరిచిపోయారు, తెచ్చియ్యనా' అంది."

వెర్లన్ బల్లలవైపు తిరిగి పిల్ల కోసం వెతికాడు.

"తేలేదు. గెర్ట్రూడ్ వెనకే ఉంది కాబట్టి తేలేదు," అంది ట్వైలా. "తూటాలు తీసేసి వంటింటి అలమారలో పెట్టి తాళం వేశాను. పోలీసులకు చెప్పమని గెర్ట్రూడ్ అంటే, పాతికేళ్ళుగా మనకు రొట్టె తెచ్చే మనిషని ఆపాను. నీ మీద కోపం మాత్రం ఇంకా దిగలేదు."

"ఆ పాప ఎక్కడుంది?"

"అక్కడ పాన్‌కేక్ తింటోంది. దానికేం తెలియదు. నువ్వెళ్ళి ఏం చెప్పకు."

కిటికీ పక్క బల్ల దగ్గర పాప నాలిక బయటపెట్టి తేనెతో ఏదో బొమ్మ గీస్తోంది. గెర్ట్రూడ్ అతనివైపు ఒకసారి చూసి, పిల్ల భుజంమీద చెయ్యి వేసి మొహం తిప్పుకుంది. ఇరవయ్యేళ్ళుగా చర్చిలో అతని ముందు వరసలో కూర్చునే మనిషి.

ట్వైలా తాళంచెవి తీసింది. "ఇదిగో, పట్టుకుపో."

వెర్లన్ చెయ్యి చాపబోయి ఆగాడు. పొద్దున్నుంచి మొదటిసారి నిటారుగా నిలబడి ఉన్నాడు. కాలు నొప్పి పెట్టడం లేదు. అదే అతనికి అన్నిటికన్నా సిగ్గుగా అనిపించింది. మాత్ర కాదు. నడుముమీద అది లేకపోవడం.

"నేడీన్ వచ్చి తీసుకెళ్తుంది," అన్నాడు.

"నీదే కదయ్యా, నువ్వే తీసుకెళ్ళచ్చుగా."

"వంగి ఎత్తుకోలేనివాణ్ణి, దాన్ని కట్టుకోకూడదు ట్వైలా."

భార్యకు ఫోన్ చేశాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. అవతల గిన్నెల చప్పుడు ఆగింది. దాన్ని తీసెయ్యమని ఇన్నేళ్ళలో ఆమె ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడూ అడగలేదు.

"ఇంటికి తేనా?" అంది.

"వద్దు. మీ అన్నయ్య దగ్గర ఉంచు. నేనడిగినా ఇవ్వద్దని చెప్పు."

"సరే. మిగతా రొట్టెలు దించగలవా?" అంది.

"దించుతాను."

ఆఖరి దుకాణానికి వెనక సందులోంచే దారి. ఇటుక గోడల మధ్య చెత్త డబ్బాలు, ఆరిన కుక్కల మూత్రం వాసన. ఇద్దరు కుర్రాళ్ళు గోడకానుకుని సిగరెట్ కాలుస్తున్నారు. వెర్లన్ బండి దిగి నిలబడ్డాడు. కుడిచెయ్యి దానంతటదే నడుముదాకా వెళ్ళి ఖాళీ చొక్కాను పట్టుకుంది. మెడమీద ఆ చల్లటి చోటు తెలిసింది. వెనక్కెళ్ళి బండిలో కూర్చోవచ్చు. నేడీన్ అప్పుడే తీసుకెళ్ళి ఉండకపోవచ్చు కూడా.

రెండు చేతులతో ట్రేలు ఎత్తుకున్నాడు.

"తలుపు తియ్యనా సార్?" అన్నాడు ఒక కుర్రాడు.

"తియ్యి నాయనా," అన్నాడు వెర్లన్.

మధ్యాహ్నం డిపోలో బండి నిలిపి దిగి, టిఫిన్ డబ్బా కోసం వెనక్కి తిరిగాడు. ఇన్నేళ్ళూ కూర్చుంటున్నా ఎప్పుడూ పట్టించుకోని సీటు అప్పుడు కంటబడింది. కుడి అంచున, పిస్తోలు పిడి ఒరుసుకుని ఒరుసుకుని, అరచెయ్యంత మేర బట్ట చిరిగి, లోపలి పసుపుపచ్చ స్పాంజి గుంటపడి ఉంది.