కొల్లేరు పట్టుకెళ్ళిన మెనూ

ఏలూరు శివారు వట్లూరు దగ్గర ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో కెజియా పొద్దున్నే చేసే పనులకి ఒక వరస ఉంది. కంప్యూటర్ మీద కప్పిన గుడ్డ తీసి మడతపెడుతుంది. కాలేజీ వెబ్‌సైట్ తెరుస్తుంది. తర్వాత సీపీయూని నేల మీద నుంచి ఎత్తి బల్ల మీద పెడుతుంది, మధ్యాహ్నం కొల్లేరు వస్తుంది కాబట్టి.

పేరుకి ఆమె కంప్యూటర్ సైన్సు లెక్చరర్. అదీ ప్రొబేషన్‌లో ఉంది. వెబ్‌సైట్ చూసుకోమని ఆమె నియామకపు కాగితాల్లో ఎక్కడా లేదు. కానీ ఆ కాలేజీలో ఫ్యాను తిరక్కపోతే మగవాళ్ళని పిలుస్తారు, దుమ్ము పడితే ఆడవాళ్ళని పిలుస్తారు. వెబ్‌సైట్‌ని ఎందుకో దుమ్ము కింద జమకట్టారు.

ఆ రోజు డాష్‌బోర్డ్‌లో ఎడమ పక్క వరసలో పేజీలు ఉన్నాయి, ఫోటోలు ఉన్నాయి, ఫలితాలు ఉన్నాయి. నోటీసులు లేవు. ఫోటోలకీ ఫలితాలకీ మధ్య ఖాళీ అయినా లేదు. ఆ మెనూ ఎప్పుడూ అక్కడ లేనట్టే రెండూ దగ్గరికి జరిగి కూర్చున్నాయి.

"ఏమ్మా కెజియా, పెట్టేశావా?" అంటూ వచ్చారు ప్రిన్సిపాల్ సత్యనారాయణమూర్తి గారు.

"లేదండి. నోటీసులు పెట్టే ఆప్షన్ కనిపించడం లేదండి."

"నిన్న ఉంది కదా?"

"నిన్న ఉందండి."

"మరి ఇవాళ ఎక్కడికెళ్ళింది?"

"అదే తెలియడం లేదండి."

"చదువుకున్నదానివి, తెలియదంటే ఎలాగమ్మా? వచ్చే నెల నీ ప్రొబేషన్ ఫైలు కమిటీ ముందుకి వెళ్తోంది. గుర్తుందిగా?" అని ఆయన మెత్తగా నవ్వి వెళ్ళిపోయారు. ఆయన బెదిరింపులన్నీ అంత మర్యాదగానే ఉంటాయి.

పెట్టాల్సిన నోటీసు బీఎస్సీ ఆఖరి ఏడాది సాయిప్రియ గురించి. నల్లజర్ల పిల్ల. ఆదివారం వెంకటసాయి అనే అబ్బాయి మోటార్‌సైకిల్ వెనక కూర్చుని కొల్లేరు పక్షుల్ని చూడ్డానికి వెళ్ళింది. ఎవరో చూసి వచ్చి చెప్పారు. చూసినవాళ్ళకి అక్కడేం పనో ఎవరూ అడగలేదు. క్రమశిక్షణ తప్పినందుకు ఆ అమ్మాయిని పరీక్షలకి అనుమతించడం లేదని నోటీసు తయారైంది. అందులో అబ్బాయి పేరు లేదు. బండి నంబరు మాత్రం ఉంది. ఆ నోటీసులో అక్షరదోషాలు దిద్దింది కెజియానే. దిద్దుతున్నప్పుడు అక్షరాలు తప్ప ఇంకేమీ చూడకూడదని ఆమె గట్టిగా అనుకుంది.

ఆ అమ్మాయి హాల్ టికెట్ తీసుకునేలోగా అది సైటులో ఉండాలి. ఆ రోజు హాల్ టికెట్లిస్తున్నారు. ఆఖరి ఏడాది వాళ్ళ వంతు మధ్యాహ్నం. కిటికీ దగ్గర కూర్చునే గుమాస్తా నిత్యానందం సైటులో నోటీసులు చూసుకుంటూ టికెట్లు ఇస్తాడు. కిందటేడు తనిఖీకి వచ్చినవాళ్ళు మెచ్చుకున్నప్పటి నుంచి ప్రిన్సిపాల్ గారు ఒక నియమం పెట్టారు, సైటులో లేనిది కాలేజీలో జరగనట్టేనని. నోటిమాటా చెల్లదు, కాగితమూ చెల్లదు. ఆయన చెప్పినా సరే. ఒకసారి టికెట్ చేతికొస్తే యూనివర్సిటీ లెక్కల్లోకి ఎక్కిపోతుంది, ఇక కాలేజీ ఆపలేదు.

కెజియా బయటికి వచ్చి మళ్ళీ లాగిన్ అయింది. బ్రౌజర్ మార్చింది. జ్ఞాపకాలన్నీ తుడిచేయమని బ్రౌజర్‌కి చెప్పింది, తుడిచేసింది, అయినా మెనూ రాలేదు. కంప్యూటర్ ఆపి, ఊపిరి బిగబట్టి, మళ్ళీ వేసింది. చివరికి సైటు తయారుచేసిన శ్యామ్ సుందర్‌కి తాడేపల్లిగూడెం ఫోన్ చేసింది.

"మీ హోదా ఏమిటో చూడండి మేడం. యూజర్స్‌లో ఉంటుంది," అన్నాడతను.

చూసింది. తన పేరు పక్కన ఎడిటర్ అని ఉంది. అడ్మినిస్ట్రేటర్ అన్నది ప్రిన్సిపాల్ గారి పేరు మీద ఉంది. ఆయన ఇంతవరకూ ఒక్కసారి కూడా లాగిన్ అవలేదు.

"చేసేది నేనూ, అడ్మినిస్ట్రేటర్ ఆయనా?"

"సార్ అలాగే పెట్టమన్నారండి. ఇల్లు ఎవరి పేరున ఉంటుంది, ఊడ్చేదెవరు, అలాగేనండి," అని నవ్వాడు. కెజియా నవ్వకపోయేసరికి దగ్గాడు. "ఎడిటర్‌కైనా నోటీసులు కనిపించాలి మేడం. సార్ పేరుతో చూడండి."

ఆ పేరుతో చూసినా లేదు.

"నిన్న సీపీయూ ఎక్కడ పెట్టారండీ?"

కెజియా ఆలోచించింది. నిన్న మహిళా దినోత్సవం. ముగ్గుల పోటీకి బహుమతులు పెట్టడానికి బల్ల పట్టుకెళ్ళారు. బహుమతులు స్టీలు గిన్నెలు. "కింద ఉండిపోయిందండి."

"ఇంకేం, నీళ్ళొచ్చి పట్టుకెళ్ళుంటాయి."

"సైటు ఉండేది హైదరాబాద్‌లో సర్వర్ మీద కదండీ. నీళ్ళొచ్చింది ఇక్కడ కదా?"

"అదే నాకూ అర్థం కావట్లేదండి," అన్నాడు శ్యామ్ సుందర్. "మధ్యాహ్నం నీళ్ళొచ్చినప్పుడు ఓసారి వెతుక్కోండి."

భోజనాలయ్యాక కొల్లేరు వచ్చింది. సర్కారు వాళ్ళు చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది నుంచీ తన హద్దు ఎక్కడిదాకానో సరస్సుకి తెలియడం లేదు. ఏలూరు దాకా వచ్చి, గదులన్నీ చీలమండల లోతున తిరిగి, తన చోటు ఇది కాదనుకుని వెళ్ళిపోతుంది. వరండాలో పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని హాల్ టికెట్ల వరసలో అలాగే నిలబడ్డారు. అటెండర్ కనకమ్మ చీపురుతో గుర్రపుడెక్కని పక్కకి నెడుతోంది.

"కెజియమ్మా, ఇదేదో మీదేమో చూడండి," అంది కనకమ్మ.

బల్ల కింద, పరిగె చేపల గుంపు నడుమ, బూడిదరంగు పలక ఒకటి తామరాకులా తేలుతోంది. దాని మీద నోటీసులు అని ఉంది. పక్కనే చిన్న బాణం గుర్తు. కెజియా వంగింది. వేలి కొస దానికి తగలబోయి ఆగింది.

ఆమెది కొల్లేటి ఒడ్డు మండవల్లి. నీళ్ళు గుమ్మంలోకి తెచ్చిన వస్తువుని దాని సొంతదారు వచ్చి తీసుకునేదాకా ఇంకొకరు ముట్టుకోకూడదన్న ఆచారాన్ని వాళ్ళమ్మ ఎలిజబెత్ బిందెలకీ, బాతులకీ, ఒకసారి కొట్టుకొచ్చిన తలుపుకీ కూడా పాటించింది. ఇప్పుడు ఏలూరు వాళ్ళూ పాటిస్తున్నారు. జువాలజీ సార్ ఎవరిదో గొడుగు తీసుకున్నాడు. అప్పటి నుంచి వాళ్ళింట్లో ఏ తలుపూ మూతపడదు.

"దొరికిందా?" ప్రిన్సిపాల్ గారు గుమ్మం బయట స్టూలు మీద నిలబడి ఉన్నారు. "తీసి పెట్టెయ్యమ్మా. త్వరగా."

"నాది కాదండి," అంది కెజియా. "అడ్మినిస్ట్రేటర్ మీరండి. మీ పేరు మీద ఉంది."

ఆ మాట మర్యాదతో అందో, భయంతో అందో, ఇంకే ఉద్దేశంతో అందో ఆమెకే తెలియలేదు.

ఆయన వాదించలేదు. ఆయనింట్లోనూ తలుపులున్నాయి. బూట్లతో కొల్లేట్లో దిగరు గనక స్టూలు మీద కూర్చుని కాలు పైకి పెట్టుకున్నారు. బూటు లేసుని అటు లాగారు, ఇటు లాగారు. ముడి ఇంకా బిగిసింది.

"ఈ ముడి ఏమిటి ఇలా ఉంది?" అన్నారు, కాలు తనది కానట్టు చూస్తూ.

"రోజూ ఎవరు విప్పుతారండీ?" అంది కనకమ్మ.

"మా ఆవిడే కడుతుంది. ఆవిడే విప్పుతుంది."

"పెళ్ళయి ఎన్నాళ్ళయిందండీ?"

"నీకెందుకు? వచ్చి విప్పు."

"నా చేతులు బురదండి. పాలిష్ పోతుంది," అంది కనకమ్మ, చీపురు ఇంకాస్త గట్టిగా ఆడిస్తూ.

ఆయన ఇంటికి ఫోన్ చేశారు. మోగింది గానీ ఎవరూ ఎత్తలేదు. ఆవిడ ఆ వేళప్పుడు ఎక్కడికెళ్తుందో తనకి తెలియదని ఆయనకి అప్పుడే తెలిసినట్టుంది. ఫోన్ కిందకి దించి దాని వంకే చూస్తూ ఉండిపోయారు. తర్వాత కెజియా వైపు చూశారు.

ముడి విప్పడం కెజియాకి వచ్చు. తమ్ముళ్ళ బూట్లవి ఎన్ని విప్పిందో లెక్కలేదు. లేచి రెండడుగులు వేస్తే చాలు. వచ్చే నెల కమిటీ ముందుకి వెళ్ళే ఫైలు కళ్ళ ముందు కదిలింది. అద్దె కదిలింది. వరండాలో వరస ముందుకి జరుగుతున్న చప్పుడు వినిపించింది. ఆమె చేతులు ఒళ్ళో ఒకదాని మీద ఒకటి పెట్టుకుని కూర్చుంది. అవి అలా కూర్చున్నాయంటే ఆమెకే ఆశ్చర్యంగా ఉంది.

ప్రిన్సిపాల్ గారు అడగడానికి నోరు తెరిచారు. పదిమంది ఆడపిల్లల ఎదుట నా బూటు విప్పమ్మా అని అడగడానికి ఆయన మర్యాద దగ్గర పదాలు లేవు.

నీళ్ళు వెనక్కి తీయడం మొదలుపెట్టాయి. పలక బల్ల కింద నుంచి కదిలి, గుమ్మం దగ్గర ఒకసారి గిర్రున తిరిగి, స్టూలు కాళ్ళ మధ్య నుంచి వరండాలోకి వెళ్ళింది. పరిగెలు దాని వెంట వెళ్ళాయి. ఆయన చూస్తుండగానే మెట్లు దిగిపోయింది.

కాసేపటికి గుమ్మంలో సాయిప్రియ కనిపించింది. చుడీదార్ అంచులు తడిసి ఉన్నాయి. చేతిలో హాల్ టికెట్ ఉంది.

"మేడం, నన్ను ఆపేస్తారన్నారండి. ఏడుస్తూ వరసలో నిలబడ్డాను. నిత్యానందం గారు స్క్రీన్ చూశారు, నన్ను చూశారు, మళ్ళీ స్క్రీన్ చూశారు. ఇచ్చేశారు. ఏం జరిగిందండీ?"

"నాకూ సరిగ్గా తెలియదమ్మా."

"మళ్ళీ తీసేసుకుంటారా?"

"ఇక తీసుకోలేరు."

"మీకేమీ అవదు కదండీ?"

ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారని కెజియా అనుకోలేదు. "అది కూడా తెలియదు," అంది. కమిటీ రోజున ఏం అడుగుతారో, ఏం చెప్పాలో ఊహించబోయింది, ఏదీ తోచలేదు. తడి నేల మీద కుర్చీ జరిపి ఆ పిల్లకి చోటు చేసింది.

"మొదటి పేపరు ఏమిటి?"

"స్టాటిస్టిక్స్ అండీ."

"ఎక్కడ అర్థం కావట్లేదు?"

సాయిప్రియ హాల్ టికెట్‌ని జాగ్రత్తగా పుస్తకంలో పెట్టుకుని, ముక్కు తుడుచుకుని, కూర్చుంది.

"మొత్తం అండీ," అంది.