రోడ్డుకు ఎదురుగా బెంచీ

దేవకుమారి మనుషులను వీపులను బట్టి గుర్తుపట్టేది. జమ్మలమడుగులో పన్నెండేళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషికి అది సహజమే. నేర్చుకునేవాళ్ళు గోడవైపు తిరిగి మిషన్ల ముందు కూచుంటే, ఆమె వాళ్ళ వెనక కుర్చీ వేసుకునేది. ఎవరి భుజం బిగిసిందో, ఎవరి మెడ వాలిందో, ఎవరు దొంగతనంగా వేళ్ళను చూసి కొడుతున్నారో అన్నీ వెనక నుంచే తెలిసేవి. బజారులో ఎవరైనా ఎదురుపడి నమస్కారం పెడితే ముఖం గుర్తురాక తికమకపడేది. వాళ్ళు నాలుగడుగులు దాటిపోయాక వెనుదిరిగి చూసి, ఇంగ్లీషు లోయరు బ్యాచీ పిల్ల కదా అనుకునేది.

పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది వచ్చేసరికి ఆ వీపులు మూడుకు తగ్గాయి. ఊళ్ళోకి కంప్యూటర్ సెంటర్లు వచ్చాయి. ఆమె మిషన్లు అమ్మేసి, ఏం చేయాలో తెలియక, అరచేతులు ఒళ్ళో పెట్టుకుని కొన్నాళ్ళు కూచుంది.

ఆ రోజుల్లోనే ఇంట్లో టీవీ చెడిపోయి ప్రొద్దుటూరు వెళ్ళింది. ఆమె దగ్గర టైపు పరీక్ష మూడుసార్లు తప్పిన ఖలందర్‌కు అక్కడ టీవీ రిపేరు అంగడి ఉంది. బాగుచేసిన టీవీకి బొమ్మ సరిగా వస్తోందో లేదో చూసుకోవడానికి అతను ఒక వీడియో గేమ్ పెట్టె తగిలించేవాడు. "నువ్వూ ఒక పారి ఆడి చూడక్కా" అని జాయ్‌స్టిక్ చేతికిచ్చాడు. ఆడుతూ ఆమె రెండు బస్సులు వదులుకుంది.

తిరుగు ప్రయాణంలో దాని గురించే ఆలోచించింది. క్రైస్తవ మిషన్ కాంపౌండులో పెరిగిన ఆమెకు చిన్నప్పటి ఆదివారాలలో ఆటలు లేవు. మిగతా రోజుల్లో ఉన్నా, ఆడుతున్న తనను లోపలినుంచి ఎవరో కనిపెట్టి చూస్తున్నట్టే ఉండేది. కుదురుగా ఉన్నావా, నలుగురిలో నవ్వులపాలు కావు కదా అని అడిగే ఆ మనిషి, ఖలందర్ అంగడిలో ఆ రెండు గంటలూ లోపల లేదు. ముప్పై ఆరేళ్ళలో మొదటిసారి ఆమె తన తలలో ఒంటరిగా ఉంది. ఇలాంటిదాన్ని ఊరికి తెచ్చి పెట్టవచ్చు కదా అనిపించింది.

ఆమెతో ఉండే మేనత్త కరుణమ్మ, ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, విని ముఖం చిట్లించింది.

"చదువు చెప్పిన దానివి. జూదం పెడ్తావా?"

"జూదం కాదత్తా. దీంట్లో ఎవురూ గెలవరు. ఓడిపోయేదాకా ఆడతారు, అంతే."

"ఓడిపోయేదానికి దుడ్లు ఎవురిస్తారే?"

మూడు వారాలు గడిచేసరికి అత్త మాటే నిజమయ్యేటట్టు కనిపించింది. ఖలందర్ మద్రాసు నుంచి తెప్పించిన నాలుగు పెట్టెలు, నాలుగు పాత టీవీలు, టైపు మిషన్లు ఉండిన బల్లలపైనే లోపలి గోడకు ఆనించి పెట్టారు. పిల్లలు వచ్చేవాళ్ళు. కాలేజీ హాస్టళ్ళలో ఉండే చుట్టుపక్కల పల్లెల కుర్రాళ్ళు, వడ్రంగి పనివాళ్ళు, బట్టలంగడి గుమాస్తాలు. ఐదు నిమిషాలు ఆడేవాళ్ళు. రోడ్డు మీద మోటార్ సైకిల్ హారన్ మోగితే నలుగురి మెడలూ ఒకేసారి వెనక్కి తిరిగేవి. ఈలోగా ఆటలో వాళ్ళ బొమ్మ చచ్చిపోయేది. మిషన్ మంచిది కాదని తిట్టి లేచిపోయేవాళ్ళు. ఒకసారి వచ్చినవాళ్ళు రెండోసారి రాలేదు.

ఒక బుధవారం రూము యజమాని జయరామయ్య వచ్చాడు. ప్రొద్దుటూరులో బట్టల వ్యాపారం చేసే మనిషి. గడప దగ్గరే నిలబడి లోపలికి చూశాడు.

"ఏమ్మా, అంగడి ఖాళీగా కనపడతాండాది."

"ఖాళీ యాడుంది సెట్టిగారూ? నాలుగు టీవీలుండాయి."

"టీవీలు ఓట్లెయ్యవు గదమ్మా."

ఆయన లోపలికి వచ్చి, గొంతు తగ్గించి విషయం చెప్పాడు. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. ఒక పార్టీ తరఫున ఊళ్ళో పనులు చూసే సుబ్బన్న ఈ రూము ఎన్నికల ఆఫీసుకు కావాలన్నాడు.

"ఇస్తినా, అవతల పార్టీవాళ్ళు రూమును బతకనీరు. ఇయ్యకపోతినా, ఈ పార్టీవాళ్ళు నన్ను బతకనీరు. ఆడ అంగడి నడుస్తాండాది సామీ అని చెప్పుకుంటే తప్పించుకుంటా. ఈ ఈగలు తోలుకునే అంగడిని చూపించి ఏమని చెప్పేది? ఆదివారం చూసేదానికి వస్తానన్నాడు. ఆ పొద్దుకు జనముంటే నీ రూము నీది. లేకుంటే నన్ను ఏమనొద్దు తల్లీ."

ఆయన మాటల్లో దబాయింపు లేదు, ఉన్నదంతా భయమే. అందుకే ఆమెకు కోపం తెచ్చుకోవడానికి కూడా వీలు లేకపోయింది.

టీవీలు చిన్నవి కాబట్టే పిల్లలు నిలవడం లేదని ఆమె తేల్చుకుంది. పులివెందులలో ఒక లాడ్జి మూతపడి, పెద్ద టీవీ ఒకటి అమ్మకానికి ఉందని ఖలందర్ చెప్పాడు. గురువారం పొద్దున్నే బస్సెక్కింది.

పులివెందుల బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో టీ తాగుదామని వెళ్ళింది. ఆరు బల్లలు, బల్లకు రెండు వైపులా రెండు బెంచీలు. ఒకవైపు బెంచీల మీద ముగ్గురు పట్టే చోట నలుగురు ఇరుక్కుని ఉన్నారు. వాళ్ళకు ఎదురుగా ఉన్న బెంచీలు ఆరూ ఖాళీ. ఆమె ఖాళీ బెంచీ మీద కూచుంది. అవతల నాలుగు ముఖాలు ఆమె భుజం మీదుగా రోడ్డును చూస్తున్నాయి. ఇంకొకతను టీ తీసుకుని వచ్చాడు. ఖాళీ బెంచీలను చూశాడు. చూసి, గోడకు ఆనుకుని నిలబడే తాగాడు.

ఆమె గ్లాసు చేతిలోనే ఉండిపోయింది.

పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే అది. ఇంతవరకూ అలవాటు అనుకుంది. వెనక నుంచి ఎవరైనా మీద పడతారేమోనన్న భయం అనుకోలేదు. ఆ కూచున్నవాళ్ళలో ఒకడు విత్తనాల వ్యాపారి, ఒకడు కండక్టరు, ఒకడు ఎవరో బడిపంతులు. వాళ్ళను చంపాలని ఎవరు అనుకుంటారు? నిజంగా పాతకక్షలు ఉన్నవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారేమో. ఆ పదిమంది కూచునే తీరు మాత్రం ఊరంతటికీ అంటుకుంది. బుద్ధికి తెలియకుండానే ఒళ్ళు నేర్చుకుంది. రోడ్డుకు వీపు పెట్టి కూచోమంటే ఇక్కడి మగవాడి ఒళ్ళు ఒప్పుకోదు. తాను చేసింది సరిగ్గా అదే.

మరి పన్నెండేళ్ళు టైపు పిల్లలు ఎలా కూచున్నారు? ఆ ప్రశ్న దగ్గర ఆమె చాలాసేపు ఆగింది. టీ మీద మీగడ కట్టింది. వాళ్ళ వెనక తాను ఉండేది. వాళ్ళ వీపులకూ రోడ్డుకూ మధ్య తన కుర్చీ ఉండేది. పాఠం చెప్పడానికి అక్కడ కూచున్నాననుకుంది గాని, అన్నేళ్ళూ వాళ్ళకు గోడగా కూచున్నానని తెలియలేదు. గేమ్ షాపు పెట్టాక డబ్బులు తీసుకోవడానికి తన కుర్చీ పక్కకు, గల్లా పెట్టె దగ్గరికి జరిగింది. గోడ పోయింది.

టీవీ కొనకుండానే తిరుగు బస్సెక్కింది.

శుక్రవారం ప్రొద్దుటూరు నుంచి ఖలందర్ వైర్లు తీసుకుని వచ్చి, ఆమె చెప్పింది విని నోరు తెరిచాడు.

"అక్కా, టీవీల ముడ్లు రోడ్డుకు పెడ్తే ఎవురొస్తారు? బొమ్మ కనపడొద్దా?"

"బొమ్మ ఆడేవాళ్ళకు కనపడితే చాలు. రోడ్డుకు వాళ్ళ ముఖాలు కనపడతాయి."

"ముఖాలు చూసేదానికి ఎవురొస్తారక్కా? ఇదేమన్నా పెండ్లిచూపులా?"

"నువ్వు వైర్లు లాగబ్బీ. టైపులో కూడా నా మాట వినకనే మూడుసార్లు తప్పితివి."

బల్లల కాళ్ళు జానెడు కోయించి, వాటిని షట్టరు వైపుకు జరిపి, టీవీల వీపులు రోడ్డుకు తిప్పారు. బెంచీలను లోపలి గోడకు ఆనించారు. ఇప్పుడు కూచున్నవాడి వీపుకు గోడ, కళ్ళ ముందు టీవీ, టీవీకి పైన రోడ్డు మలుపు దాకా. ఆ గదిలో రోడ్డుకు వీపు పెట్టిన ఆసనం ఒక్కటే మిగిలింది, అది ఆమె స్టూలు. తనకు అది చాలుననుకుంది. రోడ్డు మీద ఏం జరుగుతోందో ఎదుటి ముఖాల్లో చదువుకోవచ్చు.

శనివారం మధ్యాహ్నం ఇద్దరు వచ్చారు. ఐదు నిమిషాలయింది, పది అయింది. హారన్ మోగింది. ఒకడు కళ్ళు మాత్రం పైకెత్తి, ఎవరో చూసి, మళ్ళీ బొమ్మ మీదికి దించాడు. మెడ తిరగలేదు. బొమ్మ చావలేదు.

ఆమె ఎన్నడూ చూడనిది అప్పుడు చూసింది. పన్నెండేళ్ళు వీపులు చదివిన మనిషికి ముఖాలు కొత్త. నాలుక బయటపెట్టి కరుచుకునేవాడు, గెలుస్తుంటే ఏడుపు ముఖం పెట్టేవాడు, ఓడిపోయాక కళ్ళు మూసుకుని నవ్వేవాడు. ఇరవై ఏళ్ళకే ముఖానికి తాళం వేసుకుని తిరగడం నేర్చుకున్న కుర్రాళ్ళు, ఇక్కడ ఆ తాళం మరిచిపోయారు. రోడ్డున పోయేవాళ్ళకు బొమ్మ కనబడక, ఆ ముఖాలే కనబడ్డాయి. శనగ మూటలతో పోతున్న ఒక రైతు బండి ఆపి, "లోపల ఏం చూపిస్తాండారప్పా, వీళ్ళు ఇట్లయిపోయినారు?" అని అడిగాడు. సాయంత్రానికి వరస గడప దాటింది. ఎవరికి ఎంతసేపో చెప్పడానికి ఆమె టైపు పరీక్షల గంటను బయటికి తీసింది.

ఆదివారం చివరి ఆశీర్వాదానికి కూడా ఆగకుండా చర్చి నుంచి వచ్చి షట్టరు ఎత్తింది. పదకొండు గంటలకు ఎనిమిదిమంది ఆడుతున్నారు, బయట వరస ఉంది. ఉన్నట్టుండి ఎనిమిది ముఖాలూ మారాయి. ఆమె వెనుదిరగలేదు. మారిన తీరును బట్టి జీపు వచ్చిందని, అది మలుపు దగ్గర ఉందని, ఇంకా ఆగలేదని తెలిసింది. ఎవరైనా లేచి పరిగెత్తితే గది నిమిషంలో ఖాళీ అవుతుంది. చారల చొక్కా వేసుకున్న కుర్రాడి పెదవులు ఎండిపోయాయి. అతను అవతల పార్టీ ఊరివాడై ఉంటాడని అప్పుడే అర్థమయింది. అయినా అతని చేతులు జాయ్‌స్టిక్‌ను వదల్లేదు. దూరం నుంచే చూశాడు కాబట్టి, అది అతనికి వార్త మాత్రమే. వెనక నుంచి వచ్చి మీద పడి ఉంటే వేరుగా ఉండేది.

సుబ్బన్న దిగాడు. యాభై ఏళ్ళ మనిషి, తెల్లచొక్కా, వెంట ముగ్గురు మనుషులు, వాళ్ళ వెనక చెమటలు తుడుచుకుంటూ జయరామయ్య.

"ఏంది ఈ జాతర? రూము ఖాళీ అనిరే మావోళ్ళు."

"నేను చెప్తినే అన్నా, అంగడి నడుస్తాండాదని" అన్నాడు జయరామయ్య. ఆ మాట నిజమవడం చూసి అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది ఆయనే.

సుబ్బన్న లోపలికి వచ్చి అటూ ఇటూ చూశాడు. ఎటు నిలబడినా టీవీ వీపే కనబడింది. బెంచీ వెనక్కి పోదామంటే గోడకూ బెంచీకీ మధ్య చోటు లేదు.

"ఆడ నిలబడితే ఏం కనపడదన్నా" అంది దేవకుమారి. "చూడాలంటే కూచోవాల."

ఆయన కళ్ళు ముందు బెంచీని, తర్వాత దాని వెనక గోడను, తర్వాత రోడ్డును చూశాయి. ఒళ్ళు ఒప్పుకుంది. చారల చొక్కా కుర్రాడి పక్కవాడు ఇంకా గంట కొట్టకముందే లేచి చోటిచ్చాడు. సుబ్బన్న కూచున్నాడు.

అది ట్యాంకుల ఆట. ఇద్దరు కలిసి ఇటుకల కోటను కాపాడాలి.

"తిరగదేంది ఇది?"

"గట్టిగా పట్టుకుంటే తిరగదన్నా" అన్నాడు కుర్రాడు. "కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకో."

సుబ్బన్న వేళ్ళు సడలించాడు. ట్యాంకు కదిలింది. రెండుసార్లు చచ్చాడు, మూడోసారి నిలబడ్డాడు. అప్పుడు, కళ్ళు టీవీ మీదే ఉంచి, అడిగాడు.

"మీది ఏ ఊరబ్బీ?"

ఈ సీమలో ఆ ప్రశ్న ఊసుపోక అడిగేది కాదు. ఊరి పేరు చెబితే పార్టీ చెప్పినట్టే. బయట వరసలో మాటలు ఆగిపోయాయి.

"ముందు ఎడంపక్క చూడన్నా" అన్నాడు కుర్రాడు. "వాడు మన గోడ తింటాండాడు."

"యాడ?"

"ఆడ, కింద. పేల్చు, పేల్చు."

"పడినాడా?"

"పడినాడన్నా."

"పడినాడు" అన్నాడు సుబ్బన్న, తనతో తాను చెప్పుకుంటున్నట్టు. ఆయన ముఖం ఏ తాళమూ లేకుండా తెరుచుకుంది. గడప దగ్గర నిలబడిన ముగ్గురు మనుషులు ఆ ముఖాన్ని ఎన్నడూ చూసి ఉండరు, నోళ్ళు తెరిచి చూస్తున్నారు. అడిగిన ప్రశ్న ఆయన మళ్ళీ అడగలేదు.

ఆమె గంట కొట్టింది.

"టైమ్ అయిపోయిందన్నా."

"ఇంకొక్క పారి."

"వరసలో తొమ్మండుగురు ఉండారు. వాళ్ళయినాక నువ్వు."

జయరామయ్య కళ్ళు మూసుకున్నాడు. దేవకుమారికి తన గొంతు ఎవరిదో అన్నట్టు వినిపించింది. పన్నెండేళ్ళు 'వేళ్ళు చూడొద్దు' అని చెప్పిన గొంతు అది, హెచ్చూ తగ్గూ లేనిది. లోపల తనను కనిపెట్టి చూసే మనిషి మెల్లగా లేచి, నీకు మతి పోయిందా అనడానికి నోరు తెరిచింది. దేవకుమారి దానికి కూడా వరసలో నిలబడమనే చెప్పింది.

సుబ్బన్న ఆమెను చూశాడు. టీవీని చూశాడు. జాయ్‌స్టిక్ బల్లమీద పెట్టి, అరచేతులు పంచెకు తుడుచుకుని లేచాడు.

గడప దగ్గర జయరామయ్య నసిగాడు. "రూము సంగతి..."

"ఏం రూము సెట్టీ? నడిచే అంగడిని మూయించినామంటే ఈ పిలకాయలు మాకు ఓట్లేస్తారా? వేరే యాడన్నా చూడు." తర్వాత ఆమెవైపు తిరిగాడు. "మళ్ళా వస్తామ్మా. అప్పుడు వరసా గిరసా అనొద్దు."

"అంటానన్నా."

ఆయన ఒక్క క్షణం నిలబడి, పెద్దగా నవ్వి, జీపెక్కాడు. జయరామయ్య వెళ్తూ వెళ్తూ, మూడేళ్ళకు అగ్రిమెంటు రాసుకుందామా అని అడిగాడు. ఐదేళ్ళకు రాయమంది.

జీపు చప్పుడు దూరమయ్యాక ఆమె మళ్ళీ స్టూలు మీద కూచుని, గంటను దగ్గరికి జరుపుకుంది. చారల చొక్కా కుర్రాడు ఓడిపోయి, కళ్ళు మూసుకుని నవ్వుతున్నాడు.

"తర్వాత ఎవురు? రాండి, తొందరగా" అంటూ వరసను లెక్కపెట్టడానికి లేచింది. తొమ్మిదిమంది కాదు, పద్నాలుగుమంది ఉన్నారు. చివరివాడు సుబ్బన్న వెంట వచ్చిన ముగ్గురిలో ఒకడు.

"జీపు పాయ గదప్పా" అంది.

"నడిచి పోతాలే మేడం" అన్నాడతను, ముందువాడి భుజం మీదుగా లోపలికి తొంగిచూస్తూ. "ఆ ట్యాంకులదే ఉండనీండి. మార్చొద్దు."