తోక లేని డబ్బా

పాత కంప్యూటర్ మానిటర్ కాలిపోయింది. ఆ కంప్యూటర్లోనే మామగారి వీడియో ఒకటుంది. పోయిన మనిషి గొంతు వినడానికి మా ఆవిడకు మిగిలింది అదొక్కటే. హాల్లో గోడంత టీవీ ఉండగా కొత్త మానిటర్ దండగని నా లెక్క.

కంప్యూటర్‌ను టీవీకి కలిపే డబ్బాలు బజార్లో రెండు రకాలున్నాయి. ఒకదానికి అదనంగా తోకలా ఒక వైరు వేలాడుతోంది. తోకకు కూడా డబ్బులెందుకని, తోక లేనిది బేరమాడి తెచ్చాను.

బొమ్మ అద్దంలా వచ్చింది. మామగారు వేలు ఆడిస్తూ ఏదో చెబుతున్నారు. చప్పుడు మాత్రం లేదు.

"నాన్న మాట్లాడరేంటండీ?" మా ఆవిడ టీవీకి చెవి ఆనించింది.

"బావ బేరమాడితే ఎవరికైనా నోరు పడిపోతుందక్కా," అన్నాడు బావమరిది.

"నీకు పడలేదే, అదే నా నష్టం," అన్నాను.

శబ్దం వచ్చేది ఆ తోకలోంచేనని అప్పుడు తెలిసింది. మళ్లీ కొనడానికి మనసొప్పక, మా పరుపుల దుకాణం ముందు తగ్గింపు ధరలు అరిచే స్పీకర్ తెచ్చి, దాని వైరు కంప్యూటర్ వెనక, ఆ తోక దూరాల్సిన ఆకుపచ్చ రంధ్రంలో గుచ్చాను. దాని గొంతు తగ్గించడం మరిచాను.

మామగారు వీధి చివరిదాకా వినిపించారు: "అమ్మాయ్! మీ ఆయన మంచివాడే. ఏదైనా కొనేటప్పుడు మాత్రం పక్కన నువ్వుండు!"

ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి. బావమరిది నేలమీద పడి నవ్వుతున్నాడు. స్పీకర్ మీదికి పోయిన నా చేతిని మా ఆవిడ పట్టుకుంది. కళ్లనిండా నీళ్లు, మొహమంతా నవ్వు.

"ముట్టుకోకండి. మళ్లీ మొదట్నుంచి పెట్టండి."