అమ్మమ్మ కోసం కొన్న గాలిపరుపు

నేను ఒక గాలిపరుపును. మడిచి కడితే చంకలో పెట్టుకుపోయేంత మూటను, గాలి నింపితే సగం గదిని ఆక్రమించే పడకను. నాలో దూది లేదు, స్ప్రింగులు లేవు. ఉన్నదల్లా మీరు రోజంతా ఊరికే పీల్చి వదిలేసే గాలే. దాన్నే కాసేపు నాలో బంధించి, పైన వాలి, "అబ్బ, ఎంత హాయిగా ఉంది!" అంటారు మనుషులు. ఆ మెప్పు నాకు దక్కాలో గాలికి దక్కాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

నేను పుట్టింది ఒక కార్ఖానాలో. దళసరి ప్లాస్టిక్ రేకుల్ని పొర మీద పొర పేర్చి, కాలుతున్న అచ్చుల కింద అదిమి అంచులు అతికించారు. పైభాగానికి మఖమల్ లాంటి నూగు అద్దారు. మనుషుల పిల్లలు పుట్టగానే ఏడిస్తే అందరూ సంతోషిస్తారు. మాలో ఏదైనా పుట్టగానే సన్నగా 'సుయ్'మందంటే దాన్ని తీసి పక్కన పారేస్తారు. అక్కడ పనిచేసే ఆడపిల్లలు నా అతుకులకి చెవి ఆనించి విన్నారు. నేను నోరు మెదపలేదు. అలా బతికి బయటపడి, గుంటూరులో గౌస్‌గారి కొట్టుకు చేరాను.

గౌస్‌గారు గుడారాలు, వానకోట్లు, హాస్టలు పిల్లల ట్రంకుపెట్టెలు అమ్మేవారు. నా అట్టపెట్టె మీద ఒక బొమ్మ ఉండేది: కొండల మధ్య చెరువు, ఒడ్డున గుడారం, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న నలుగురు మనుషులు. మే నెల ఎండలో గొడుగు పట్టుకుని వచ్చినవాళ్ళు ఆ బొమ్మ వంక ఒకసారి చూసి, నిట్టూర్చి, వానకోటు బేరమాడి వెళ్ళిపోయేవారు. నన్నూ ఏదో చెరువు ఒడ్డుకే తీసుకుపోతారని నేను కలలు కన్నాను.

చివరికి నన్ను వెతుక్కుంటూ వచ్చింది సుందరి. చీరల దుకాణంలో పనిచేసే మనిషి. వెనకాల ఆమె భర్త నాగభూషణం, ఆటోల కరెంటు పని చేసే మెకానిక్కు, చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"పెద్దావిడ పడుకోవాలండీ," అంది సుందరి. "తుంటికి ఆపరేషన్ అయింది. చాప మీద పడుకుంటే లేవలేరు. ఇంకో మంచం వేద్దామంటే ఇంట్లో చోటు లేదు. పగలు తీసేసేలా ఉండాలి."

గౌస్‌గారు ముందు ఒక పల్చటి పరుపు ఊది పరిచారు. సుందరి కొంగు బిగించి, కొట్టు నడిమధ్యన దాని మీద వెల్లకిలా పడుకుంది. వానకోటు బేరమాడుతున్నవాళ్ళు బేరం ఆపి చూశారు.

"నడుం నేలకి తగులుతోందండీ. కొండలెక్కే కుర్రాళ్ళకైతే సరే."

రెండోది బాగా ఎత్తు, ఇద్దరు పట్టేంత వెడల్పు. పక్కకి తిరగ్గానే అది కిర్రుమంది. అంచు మీద కూర్చుంటే అంచు కుంగి సుందరి జర్రున జారింది.

"లే, జనం చూస్తున్నారు," అన్నాడు నాగభూషణం నెమ్మదిగా.

"చూడనీయండి. మా షాపులో ఒక్క జాకెట్టు ముక్క కోసం బీరువా అంతా దింపిస్తారు. నేను మూడు పరుపులు దింపిస్తే తప్పొచ్చిందా?"

గౌస్‌గారు నవ్వి నన్ను తీశారు. నాకు లోపలే చిన్న మోటారు ఉంది. ప్లగ్గు పెట్టగానే గాలి పీల్చుకుని కుర్చీ అంత ఎత్తు లేచాను. సుందరి పడుకుని అటూ ఇటూ దొర్లింది. నేను నోరు మెదపలేదు. తర్వాత అంచు మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, చేతి ఆసరా లేకుండా లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది, మళ్ళీ లేచింది. తనకి లేని తుంటినొప్పిని ఊహించుకుంటూ, మొహం చిట్లించి మరీ లేచింది. పరాయి మనిషి నొప్పిని అంత శ్రద్ధగా అభినయించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

"ఇది ఇవ్వండి," అంది.

"ఒక్క మాటమ్మా," అన్నారు గౌస్‌గారు. "కొత్తలో ఇది సాగుతుంది. తెల్లారేసరికి కొంచెం మెత్తబడితే కారిపోతోందని కంగారుపడి వెనక్కి తేకండి. చుట్టాలు రాకముందే రెండు మూడుసార్లు ఊది ఉంచండి. రాయిలా బిగించకండి, కాస్త ఒదులుగా ఉంటేనే నడుముకి సుఖం. కింద ఒక దుప్పటి పరిస్తే గచ్చు మీద ఇసకరేణువులు గుచ్చుకోవు."

నేను చెరువు ఒడ్డుకి పోలేదు. ఒక పడగ్గది, ఒక ముందుగది, ఒక చిన్న వంటిల్లు ఉన్న అద్దె వాటాకి పోయాను. బీరువా పక్కన మడతపడి ఉండి విన్న మాటల్ని బట్టి నన్ను ఎవరి కోసం కొన్నారో తెలుసుకున్నాను.

నాగభూషణానికి సుందరి రెండో భార్య. మొదటి భార్య ప్రసన్న, కూతురు లిఖితకి మాటలు కూడా సరిగా రాకముందే జబ్బుచేసి పోయింది. ప్రసన్న తల్లి పున్నమ్మగారు. వినుకొండలో ఉంటారు. మనవరాలిని చూడ్డానికి అప్పుడప్పుడు వస్తారు. పొద్దున వస్తారు, పిల్లకి తల దువ్వుతారు, తెచ్చిన చెగోడీలు తినిపిస్తారు, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతారు. రాత్రికి ఎన్నడూ ఉండలేదు. సుందరితో ఎప్పుడూ పరుషంగా మాట్లాడిందీ లేదు, మనసిచ్చి మాట్లాడిందీ లేదు.

కిందటి వానాకాలంలో ఒకసారి గాలివానకి బస్సులు ఆగిపోయాయి. ఆవిడ వెనక్కి రాలేదు. బస్టాండులో ఇనపబెంచీ మీద కూర్చుని తెల్లవార్లూ గడిపారు. అప్పటికే తుంటి ఆపరేషన్ అయిన మనిషి. వీధిలోవాళ్ళెవరో చూసి వచ్చి చెప్పారు. ఆ రోజు లిఖిత అన్నం ముట్టలేదు. సాయంత్రం సుందరి దగ్గరికి వచ్చి, "అమ్మా, అమ్మమ్మ మనింట్లో ఎందుకు పడుకోదు? నువ్వు వద్దన్నావా?" అని అడిగింది.

పిల్ల కోపంగా అడిగినా సుందరి తట్టుకునేదేమో. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. 'నేను వద్దనలేదు' అని పిల్లకి చెప్పొచ్చు. కానీ ఆవిడ రాత్రంతా బెంచీ మీద కూర్చున్నాక ఆ మాట చెబితే ఎవరు నమ్ముతారు? అప్పుడే ఆమె నిశ్చయించుకుంది. ఈసారి ఆవిడ వస్తే ఉండడానికి చోటు ఉండాలి, చోటు లేదన్న సాకు ఎవరికీ మిగలకూడదు.

సెలవుల్లో పున్నమ్మగారు వచ్చారు. సన్నటి మనిషి, చేతికర్ర, నెరిసిన జుట్టు బిగించి ముడేసుకున్నారు. సాయంత్రం కాగానే సంచీ సర్దుకోవడం మొదలుపెట్టారు. సుందరి వంటింట్లో నిలబడి గిన్నె మీద గిన్నె పెడుతోంది తప్ప బయటికి రావడం లేదు. ఏమని పిలవాలి? లిఖితే ఉండబట్టలేక నన్ను లాక్కొచ్చి ముందుగదిలో పరిచి స్విచ్చి నొక్కింది. నా మోటారు ఇల్లు అదిరేలా మోగింది. ఆ క్షణాన మూగగా పుట్టలేదే అని సిగ్గుపడ్డాను.

"ఇదేంటే? వరదొస్తే తేలడానికా?" అన్నారు పున్నమ్మగారు.

"నీకే అమ్మమ్మా! అమ్మ కొంది. షాపులో పడుకుని, దొర్లి, నీలాగా కుంటుకుంటూ లేచి చూసిందంట. నాన్నకి సిగ్గేసిందంట!"

పున్నమ్మగారు నా వంక చూసి, వంటింటి వైపు చూశారు. "నాకెందుకమ్మా ఇంత ఆర్భాటం. బస్సుంది, వెళ్తాను."

అప్పుడు సుందరి బయటికి వచ్చింది. లిఖితని పెరుగు ప్యాకెట్టు తెమ్మని పంపేసింది. తలుపు దగ్గర నిలబడి అంది:

"అమ్మమ్మగారూ, మీరు బస్టాండులో ఉన్న రోజు పిల్ల నన్నడిగింది, నువ్వు వద్దన్నావా అని. నేను వద్దనలేదు. ఉండమని నోరారా అడగడం మాత్రం నాకు చేతకాలేదు. ఇప్పుడు అడుగుతున్నా. ఉండండి."

పున్నమ్మగారు చేతికర్ర గోడకి ఆనించారు. తర్వాత లోపలి గదిలోని టేకు మంచం వైపు చెయ్యి చూపించారు.

"అది మా ప్రసన్నకి సారెలో నేనిచ్చిన మంచం. దాని మీద కూర్చోలేను, దాని పక్కన చాపేసుకుని పడుకోనూలేను. అది సగం కారణమే. మిగతా సగం ఇంకోటుంది, చెబితే నవ్వుతావు. చిన్నపిల్లలు నిద్దట్లో ఉలిక్కిపడి అమ్మా అంటారు. మన లిఖిత అమ్మా అంటే నువ్వు లేస్తావు. అది నేను చూడలేననుకున్నాను. నీ మీద కోపం కాదు తల్లీ. నాకే చాతకాలేదు."

సుందరి నవ్వలేదు. వచ్చి నా అంచు మీద కూర్చుంది. కాసేపటికి పున్నమ్మగారు కూడా మరో అంచు మీద మెల్లగా కూర్చున్నారు. ఇద్దరి బరువూ నా మీదే పడింది. ఒకరు కదిలితే ఇంకొకరు కాస్త పైకి లేస్తున్నారు. నేను బిగపట్టి ఉన్నాను.

"మెత్తగానే ఉంది," అన్నారు పున్నమ్మగారు చివరికి. ఆ రోజు బస్సు ఆవిడ లేకుండానే వెళ్ళింది.

ఆవిడ భయపడ్డదే జరిగింది. పక్కనే చాప మీద పడుకున్న లిఖిత నిద్దట్లో "అమ్మా" అంది. లోపలి గదిలోంచి సుందరి వచ్చి, పిల్ల పక్కన కూర్చుని, వీపు నిమిరి, దుప్పటి కప్పింది. పున్నమ్మగారు కళ్ళు తెరిచే ఉన్నారు. ఊపిరి బిగపట్టి ఉన్నారు, నాకు తెలుస్తోంది. గాలి సంగతి నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? సుందరి వెళ్ళిపోయాక ఆ ఊపిరి మెల్లగా బయటికి వచ్చింది. ఒళ్ళంతా ఒదులైంది. నా మీద అంతసేపూ తేలికగా ఉన్న మనిషి అప్పుడు తన పూర్తి బరువుతో పడుకున్నారు. తెల్లారి వీధిలో పాలబండి మోగేదాకా కదల్లేదు.

పొద్దున నా అంచు మీద కూర్చుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచారు. కాఫీ తాగారు. తిన్నగా లోపలి గదిలోకి వెళ్ళి టేకు మంచాన్ని ఒక్కసారి ఊపి చూశారు.

"నాగభూషణం, ఈ కోడు కదులుతోందయ్యా. ఒక చెక్క ముక్క, సుత్తి పట్రా."

అతను తెచ్చాడు. ఆవిడ దగ్గరుండి చెక్కముక్కని కోడు సందులో దిగ్గొట్టించారు. "ఇంకా గట్టిగా కొట్టు. మీరు బోలెడు కాలం పడుకోవాల్సిన మంచం," అన్నారు. సుందరి కొంగుతో మొహం తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎండాకాలం కదా, చెమట అనుకుందామంటే పొద్దున చల్లగానే ఉంది.

ఆ తర్వాత ఆవిడ వచ్చినప్పుడల్లా ఉన్నారు. మధ్యలో నన్ను వీధివాళ్ళందరూ ఎరువు తీసుకున్నారు. పెళ్ళివారు, పరీక్షలకొచ్చిన పిల్లలు, గురకపెట్టి నన్ను అదరగొట్టిన ఒక బాబాయిగారు, అందరూ పడుకున్నారు. పరుపు మీద పడుకున్న మనిషి తన పదవి, పట్టుచీర, కోపం అన్నీ కింద పెట్టేస్తాడు. మిగిలేది బరువొక్కటే. అది నేను మోశాను.

ఇంక పిల్లలు కలగరనే అనుకున్న సుందరికి కొన్నేళ్ళ తర్వాత నెల తప్పింది. ఆమెకి తల్లి లేదు. చిన్నప్పుడే పోతే పిన్ని పెంచింది, ఆ పిన్నీ మంచాన పడి ఉంది. పురుడు ఆసుపత్రిలోనే పోసుకుని ఇంటికొచ్చేస్తానని సుందరి భర్తకి చెబుతుంటే, సీమంతానికి గాజులు, చీర తెచ్చిన పున్నమ్మగారు విన్నారు.

"అదేం మాట? తొలిచూలు. పుట్టింటికి రావాలి. నేను తీసుకెళ్తాను."

నాగభూషణం తలొంచుకున్నాడు. సుందరి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

వాళ్ళతోపాటు నన్నూ తీసుకెళ్ళారు. పున్నమ్మగారింట్లో ఒక్కటే మంచం. అది సుందరికిచ్చి, ఆవిడ పక్కనే నా మీద పడుకున్నారు. సుందరి కాస్త మూలిగితే చాలు, ఆవిడ చేతికర్ర కోసం కూడా చూడకుండా లేచేవారు. మగపిల్లాడు పుట్టాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు నా మీదే బారుగా కూర్చుని, కబుర్లు చెప్పీ చెప్పీ, నా పక్క అతుకు ఊడదీశారు. నేను పుట్టాక మొదటిసారి 'సుయ్'మన్నాను. లిఖిత సైకిలు షాపు నుంచి తెచ్చిన పట్టీ కొన్నాళ్ళే ఆగింది. ఇప్పుడు నాలో గాలి నిలవదు. పున్నమ్మగారు నన్ను పారేయనివ్వలేదు. డాబా మీద పరిచి మిరపకాయలు ఎండబోస్తున్నారు. ఘాటు భరించలేనిదే, కానీ నాకు ముక్కు లేదు గనక ఫిర్యాదు లేదు.

ఇక్కడ ఎండలో పడి ఉన్నప్పుడు ఒక రోజు తలపుకొస్తుంది. పురుడైన కొత్తలో, పక్కవీధి రత్తమ్మ గుమ్మంలోంచి తొంగిచూసి అడిగింది: "ఎవరే పున్నమ్మా, ఈ బాలింతరాలు? మీ అల్లుడి రెండో పెళ్ళామా?"

పున్నమ్మగారు నా మీద కూర్చుని పసివాడికి నూనె రాస్తున్నారు. తల ఎత్తలేదు.

"మా అమ్మాయి. పురిటికొచ్చింది," అన్నారు.

మంచం మీద నిద్ర నటిస్తున్న సుందరి గోడవైపు తిరిగి పడుకుంది. అప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. చెరువు ఒడ్డుకి వెళ్ళనందుకు నాకే విచారమూ లేదు.